వయోజన విద్యా తరగతికి వచ్చినవారు నిలిచేలా చూడటం ఎలా?

వయోజన విద్యా కేంద్రం తెరిచిన మొదటి వారంలో కూర్చోవడానికి చాపలు చాలవు. రెండో నెల వచ్చేసరికి అవే చాపలు సగానికి సగం చుట్టి మూలన పెట్టి ఉంటాయి. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఇటువంటి కేంద్రం నడిపినవారిలో ఈ అనుభవం లేనివారు అరుదు. దీనికి నివేదికల్లో రాసే కారణం సాధారణంగా ఒక్కటే: అభ్యాసకులకు ఆసక్తి లేదని. ఆ కారణాన్ని నేను ఒప్పుకోను. పగలంతా కూలి పని చేసి, ఇంటికి వచ్చి వంట ముగించుకొని, నలభై ఏళ్ళ వయసులో పలక పట్టడానికి ఒక్క సాయంత్రం వచ్చిన మనిషికైనా ఆసక్తి లేదనడం అన్యాయం. అసలు జరిగేది వేరు. ఏదో ఒక పని పడి వారం రోజులు రాలేకపోతారు. తీరిక దొరికి మళ్ళీ వద్దామనుకునేసరికి పాఠం ముందుకు పోయి ఉంటుంది. నలుగురిలో ఏమీ రానివారిలా కూర్చోవలసి వస్తుందన్న సిగ్గు అడ్డుపడుతుంది. వారం రోజుల గైర్హాజరును శాశ్వతం చేసేది ఆ సిగ్గే. కనుక కేంద్రం నడిపేవారు ఎవరూ మానకుండా చూడటానికి పడే శ్రమలో ఎక్కువ భాగాన్ని, మానినవారు తిరిగి రావడాన్ని సులువు చేయడానికి వెచ్చించాలి.

ప్రస్తుతం దేశమంతటా నడుస్తున్న ఉల్లాస్ అనే వయోజన విద్యా కార్యక్రమం 2022 నుండి 2027 వరకు అమలుకు ఉద్దేశించినది. పదిహేనేళ్ళు నిండి చదువురానివారందరూ దాని పరిధిలోకి వస్తారు, బోధన మాత్రం స్వచ్ఛంద కార్యకర్తల మీద ఆధారపడి ఉంటుంది. 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి చిత్తూరు జిల్లా అక్షరాస్యత సుమారు 72 శాతం, స్త్రీలలో అంతకంటే బాగా తక్కువ. 1990ల ఆరంభంలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం ఈ జిల్లాలోనూ ఊరూరా సాగింది. ఆనాడు అక్షరాలు దిద్ది, తరువాత వాడక లేక మరిచిపోయినవారు నేటికీ మన కేంద్రాలకు వస్తుంటారు. అటువంటివారిని కొత్తవారితో కలిపి మొదటి నుండి దిద్దించకుండా, ఎంత గుర్తుందో ముందుగా చూడాలి. చాలామందికి గుణింతం దాకా పది రోజుల్లోనే తిరిగి వస్తుంది.

మొదటి వారంలో అడగవలసింది

అమెరికాలో వయోజన అభ్యాసకులు ఎందుకు నిలుస్తారు, ఎందుకు మానుతారన్నదాన్ని 1990ల చివర్లో పరిశీలించిన జాన్ కమింగ్స్ బృందం నాలుగు విషయాలను ప్రధానంగా గుర్తించింది. అభ్యాసకునికి తనను చదువు వైపు లాగేవేవో, వెనక్కి లాగేవేవో తెలిసి ఉండటం, తాను నేర్చుకోగలనన్న నమ్మకం కలగడం, తనదంటూ ఒక లక్ష్యం ఉండటం, ఆ లక్ష్యం వైపు ఎంత దూరం వచ్చాడో కంటికి కనిపించడం. వీటిలో ఏదీ మన పల్లెలకు పరాయిది కాదు. లక్ష్యం విషయంలో మాత్రం మనం తొందరపడి, అందరి తరఫునా 'సంతకం నేర్చుకోవడం' అని రాసేస్తుంటాము. సంతకం వారం పది రోజుల్లో వచ్చేస్తుంది. వచ్చిన మరునాడు తరగతికి రావలసిన కారణం ఉండదు.

అందువల్ల చేరిన మొదటి వారంలోనే ప్రతి ఒక్కరితోనూ విడిగా, నలుగురిలో కాకుండా, ఐదు నిమిషాలు మాట్లాడి, చదువు రాక ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో అడిగి, వారు చెప్పింది వారి మాటల్లోనే వారి నోటుపుస్తకం మొదటి పేజీలో రాసిపెట్టాలి. డ్వాక్రా సంఘం పుస్తకంలో తన పొదుపు ఎంత పడిందో చూసుకోవాలని ఒకరు అంటారు, బిడ్డ బడి నుండి తెచ్చిన కాగితంలో ఏముందో తెలియాలని మరొకరు అంటారు, షుగరు మాత్ర ఏది, బీపీ మాత్ర ఏది అన్నది పక్కింటివారిని అడగకుండా తెలుసుకోవాలని ఇంకొకరు అంటారు. ఆరు వారాల్లోపు ఆ ఒక్క కోరికైనా తీరేలా పాఠాన్ని మలచుకోవాలి. వాచకంలో ఆ పాఠం ఎక్కడో వెనక ఉంటే దాన్ని ముందుకు తెచ్చుకోవచ్చు, ఏ అధికారీ కాదనరు.

ఈ ప్రాంతంలో స్త్రీల నోట తరచుగా వినిపించే కోరిక బస్సు బోర్డు చదవడం. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలైన తరువాత ఈ అవసరం పెరిగింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం, సూపర్ లగ్జరీలో డబ్బు కట్టాలి. ఏది ఏదో బోర్డు చూసి తెలుసుకోవాలి. మన ఊర్ల పేర్లను సులువైనవాటి నుండి కష్టమైనవాటి దాకా వరుసగా పేర్చుకుంటే అదే ఒక వాచకం అవుతుంది. న, గ, ర, త, ప అనే ఐదు అక్షరాలు, గుడి, కొమ్ము వస్తే చాలు, నగరి, తిరుపతి అన్న రెండు బోర్డులు చదవగలరు. ల, మ అక్షరాలు, దీర్ఘం, ఏత్వం చేరితే పీలేరు, పలమనేరు వస్తాయి. ద్విత్వాక్షరం చెప్పేటప్పుడు చిత్తూరు, పుత్తూరు, మదనపల్లె ఉండనే ఉన్నాయి. సున్నతో కలిపి కుప్పం చెప్పవచ్చు. చంద్రగిరిని కొంత ఆలస్యంగా, శ్రీకాళహస్తిని అన్నిటికంటే చివర పెట్టుకోవాలి. రెండో వారం ముగిసే లోపే అభ్యాసకులను ఊరి బస్సు స్టాపుకు తీసుకువెళ్ళి, వచ్చే బస్సు బోర్డును గట్టిగా చదివించండి. తరగతి గదిలో పదిసార్లు మెచ్చుకోవడం కంటే కండక్టరు ముందు ఒక్కసారి సరిగ్గా చదవడం వారిని ఎక్కువ నమ్మిస్తుంది. అక్షరమాలను అ నుండి బండి ర దాకా వరుసగా దిద్దించే పద్ధతిలో ఇలా బోర్డు చదివే రోజు రావడానికి రెండు నెలలు పడుతుంది, అప్పటికి ఎందరు మిగులుతారో చెప్పలేము.

వేళ, చోటు

వేళను అధికారులో, కార్యకర్తలో నిర్ణయించకూడదు. ఈ జిల్లాల్లో పాడి ఉన్న ఇళ్ళలో సాయంత్రం పాలు పితికి పాల కేంద్రంలో పోసి వచ్చేవరకు ఆడవారికి తీరిక ఉండదు, ఆ తరువాత వంట. రాత్రి ఏడున్నర తరువాత పెడితే పాడి ఉన్నవారు వస్తారు; చంటిబిడ్డల తల్లులకు మధ్యాహ్నం రెండు గంటలే వీలవుతుంది. ఇద్దరినీ ఒకే వేళకు రమ్మంటే ఒక వర్గాన్ని వదులుకున్నట్లే. గంటన్నర తరగతిని ముప్పావు గంట చొప్పున రెండు వేళల్లో నడపడం మేలు.

చోటు విషయం ఇంతకంటే సున్నితమైనది. ఊరి మధ్యలో గుడి మండపమో, రచ్చబండో తరగతికి అనువుగా కనిపిస్తుంది, కాని అక్కడ పెట్టిన కేంద్రానికి దళితవాడ నుండి వచ్చేవారు ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతే కారణం అడగనక్కరలేదు, ఎవరూ చెప్పరు కూడా. అంగన్‌వాడీ గదో, బడి వరండానో ఎంచుకోవడం మంచిది. అదీ కుదరకపోతే కేంద్రాన్ని వాడలోనే పెట్టి, ఊరివారిని అక్కడికి రమ్మనాలి. కొందరు రారు. అయినా, ఎక్కువ అవసరం ఉన్నవారి వద్ద తరగతి నిలుస్తుంది. దారిలో వీధి దీపం వెలుగుతున్నదా అన్నది కూడా చూసుకోవాలి. వెలగకపోతే పంచాయతీకి అర్జీ రాయడాన్నే ఒక పాఠంగా చేసుకోవచ్చు.

ఊరి క్యాలెండరు

తరగతుల ప్రణాళికను ఆంగ్ల నెలల మీద వేసి, దాని మీద ఊరి పనులను సర్దుకోమనడం మన కేంద్రాల్లో చాలాకాలంగా ఉన్న లోపం. దీన్ని తిరగవేయాలి. ముందు ఊరి సంవత్సరాన్ని ఒక కాగితం మీద గీయించాలి, ఎప్పుడు పని ఎక్కువో, ఎప్పుడు తక్కువో అభ్యాసకులే చెబుతారు. జూన్, జూలైల్లో తోతాపురి కోతకు వస్తే మామిడి తోటల్లోనూ, గుజ్జు ఫ్యాక్టరీల్లోనూ పని రాత్రి దాకా ఉంటుంది. వానలకు వేసిన చెనిక్కాయలు అక్టోబరు, నవంబరుల్లో పీకుతారు. ఆ తరువాత చెరకు గానుగలు మొదలవుతాయి. మే నెలలో తిరుపతి గంగమ్మ జాతర, ఆడికృత్తికకు నగరి, పుత్తూరు వైపు కావళ్ళు, వినాయక చవితి నుండి ఇరవై ఒక్క రోజులు కాణిపాకం బ్రహ్మోత్సవాలు, దసరా రోజుల్లో తిరుమల బ్రహ్మోత్సవాలు. ఇవన్నీ ముందే తెలిసినవి కాబట్టి ఆ వారాల్లో కొత్త పాఠం పెట్టకూడదు.

వేసవిలో మన పల్లెల్లో జరిగే మహాభారత ఉత్సవాల సంగతి వేరుగా చెప్పాలి. పద్దెనిమిది రోజులు మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధి నాటకం జరుగుతుంటే ఆ సమయంలో తరగతి పెట్టి, ఎవరూ రాలేదని నొచ్చుకోవడంలో అర్థం లేదు. కార్యకర్తే భారతం మిట్ట దగ్గర కూర్చొని ఉంటాడు. ఆ రోజుల్లో తరగతిని సాయంత్రం ఇరవై నిమిషాలకు తగ్గించి, ఆ రాత్రి ఆడబోయే ఘట్టం పేరు, అందులోని నాలుగు పాత్రల పేర్లు బోర్డు మీద రాసి చదివిస్తే చాలు. భీముడు, కర్ణుడు, ద్రౌపది అన్న పేర్లలో దీర్ఘాలూ వత్తులూ అన్నీ దొరుకుతాయి, అభ్యాసకులకు కథ ముందే తెలుసు కాబట్టి చదవడంలో ఊహ సహకరిస్తుంది.

రిజిస్టరు, పలకరింపు

హాజరు పట్టీలో హాజరు, గైర్హాజరు అన్న రెండు గుర్తులతో పాటు మూడోది, చెప్పి వెళ్ళినవారి కోసం 'సె' (సెలవు) అన్న గుర్తు తప్పనిసరిగా పెట్టుకోవాలి. దాని పక్కన ఎందుకు వెళ్ళారో, ఎప్పుడు తిరిగి వస్తారో రాయాలి: 'చెనిక్కాయలు పీకేదాకా', 'కూతురి కాన్పు, నెల', 'బెంగళూరు పనికి, సంక్రాంతికి వస్తుంది'. ఇలా రాయించుకొని వెళ్ళినవారు తమ పేరు పట్టీలో ఉన్నదని గుర్తు పెట్టుకుంటారు. పేరు కొట్టివేయడం అన్న పని ఏడాది పూర్తయ్యేవరకు చేయకూడదు.

చెప్పకుండా రెండు రోజులు రానివారి ఇంటికి మూడో రోజు ఎవరో ఒకరు వెళ్ళాలి. ఆ ఎవరో ఒకరు కార్యకర్త కాకపోవడం మంచిది. రిజిస్టరు చంకలో పెట్టుకొని వచ్చిన మనిషిని చూస్తే అప్పు వసూలుకు వచ్చినట్లుంటుంది. పక్కన కూర్చునే తోటి అభ్యాసకురాలు పనికి పోయే దారిలో పలకరిస్తే సరిపోతుంది. పలకరింపులో కారణం అడగకూడదు. 'ఏమక్కా, రెండు దినాలుగా రాలేదే, చదువు మీద మనసు లేదా?' అన్న మాటకు సమాధానంగా ఆమె ఒక సాకు వెతుక్కోవాలి, ఆ సాకు చెప్పిన తరువాత దానికి కట్టుబడాలి. 'అక్కా, రేపు మాపటేల మందుల చీటీలు చదవతా ఉండాము, నీ చీటీ కూడా ఎత్తుకొని రా' అంటే ఆమె రావడానికి ఒక పని దొరుకుతుంది. ఫోను ఉన్నవారికి వాట్సాప్‌లో గొంతుతో సందేశం పంపవచ్చు. అక్షరాలతో సందేశం పంపితే ఆమె దాన్ని కొడుకు చేత చదివించుకోవాలి, అప్పుడు ఆమె తరగతికి పోవడం లేదన్న సంగతి ఇంటిలో చర్చ అవుతుంది.

ఇంటివారి సమ్మతిని కూడా మరిచిపోరాదు. కోడలు రాత్రి పూట బయటికి పోవడం అత్తకు నచ్చకపోతే, కోడలికి నచ్చజెప్పడం వల్ల ప్రయోజనం ఉండదు. అత్తను ఒకసారి తరగతికి పిలిచి, ఆమె చేత పాటో సామెతో చెప్పించి, దాన్ని బోర్డు మీద రాసి కోడలి చేత చదివించాలి.

తిరిగి వచ్చిన రోజు

కేంద్రం నిలిచేదీ, నిలవనిదీ తేలేది ఈ రోజునే. మానిన అభ్యాసకురాలు తిరిగి వచ్చి గుమ్మం దగ్గర నిలబడినప్పుడు 'ఇన్నాళ్ళకు గుర్తొచ్చామా' అన్న సరదా మాట కూడా అనకూడదు. ఎందుకు రాలేదని అడగకూడదు, అందరూ చప్పట్లు కొట్టనూ కూడదు. ఎప్పుడూ కూర్చునే చోట, ఎప్పుడూ పక్కన ఉండే తోటి అభ్యాసకురాలి దగ్గర కూర్చోబెట్టి, ఆమె నోటుపుస్తకాన్ని చేతికివ్వాలి. పుస్తకాలు కేంద్రంలోనే ఒక పెట్టెలో ఉంచడంలో ఉన్న సౌలభ్యం ఇదే, పుస్తకం ఎక్కడో పోయిందన్న బెంగ ఉండదు. మొదటి పావుగంట అందరికీ పాత పాఠమే ఉండాలి, అదీ ప్రతిరోజూ ఉండాలి. ఆమె కోసం ప్రత్యేకంగా చేస్తున్నట్లు ఉండరాదు. ఆ రోజు ఆమె చేత ఒంటరిగా చదివించకూడదు. గుంపులో గొంతు కలపనివ్వాలి, వెళ్ళే ముందు ఆమెకు తప్పక వచ్చే ఒక మాటను, తన పేరునో తన ఊరి పేరునో, బోర్డు మీద రాయమనాలి.

పాఠాలను కూడా ఇందుకు తగినట్లు అమర్చుకోవాలి. ఏ రోజు పాఠం ఆ రోజుకే పూర్తయ్యేలా, నిన్న రానివారికి నేడు అర్థమయ్యేలా ఉండాలి. వారంలో ఒక రోజు కొత్త అక్షరం చెప్పకుండా, వెనకబడినవారికి ముందున్నవారు చెప్పే రోజుగా ఉంచాలి. గుణింతం ముగిసి వత్తులు మొదలైన చోట, అంటే 'అక్క', 'అప్పు', 'పాస్‌బుక్కు' వంటి మాటలు వచ్చే దగ్గర, గైర్హాజరు ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ మలుపు దగ్గర వేగం సగానికి తగ్గించి, ఒక్కో వత్తును రెండు మూడు రోజులు నడపాలి. లెక్కల్లో దీనికి భిన్నంగా ఉంటుంది. కూరగాయలు అమ్మే ఆమెకు మూడున్నర కిలోల టమోటాల ధర నోటి లెక్కగా వస్తుంది, అంకె రాయడమే తెలియదు. ఆమె నోటితో చెప్పిన లెక్కను బోర్డు మీదికి ఎక్కిస్తే తనకు ఇదంతా ముందే తెలుసన్న ధైర్యం కలుగుతుంది. అక్షరాల్లో వెనకబడినవారిని నిలపడానికి లెక్కల గంటను మించిన మందు లేదు.

పాఠం మధ్యలో మాటలకు చోటు ఉండాలి. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతుల్లో కలిసి కూర్చున్న స్త్రీలు సారా గురించి మాట్లాడుకోవడంతో మొదలైన ఉద్యమం 1992లో రాయలసీమతో సహా రాష్ట్రమంతటా పాకి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధానికి దారితీసింది. ప్రతి కేంద్రం నుండీ ఉద్యమం పుట్టనక్కరలేదు గాని, తమ ఇంటి విషయం మాట్లాడుకునే చోటుకు ఆడవారు మరునాడు కూడా వస్తారు.

చూపు, భాష, కార్యకర్త

మానినవారిలో కొందరికి అడ్డం వచ్చేది చత్వారం. నలభై దాటినవారికి దగ్గరి అక్షరం మసకబారుతుంది, అది తమకు చదువు రాకపోవడమేనని వారు అనుకుంటారు. చేరిన రోజే సూదిలో దారం ఎక్కించగలరా అని అడగండి, లేదన్నవారిని తరగతి మొదలుకాక ముందే ఆరోగ్య కేంద్రానికో, కంటి శిబిరానికో పంపించి అద్దాలు ఇప్పించండి. అంతవరకు అరచేయంత అక్షరాలతో అట్టముక్కలు వాడండి.

నగరి, సత్యవేడు, చిత్తూరు పట్టణం, కుప్పం వైపు కేంద్రాల్లో ఇంట తమిళమో కన్నడమో మాట్లాడేవారు చాలామంది ఉంటారు. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం, ప, బ లకు కూడా ఒకే అక్షరం ఉండటం వల్ల, తమిళం కొద్దిగా చదువుకున్నవారు 'బడి'ని 'పడి'గా రాస్తారు. ఇది అజ్ఞానం కాదని వారికి చెప్పి, ఇటువంటి జంటలను ఒకే వారంలో చెప్పకుండా ఎడం పెట్టాలి. ఖ, ఘ వంటి ఒత్తక్షరాలను చివరకు వాయిదా వేయాలి. తిరుపతిలో యాత్రికుల కోసం హిందీ నేర్చుకునే పూల వ్యాపారులు, జీపు డ్రైవర్లు, హోటలు పనివారికి శని, ఆదివారాలు రద్దీ రోజులు, సెలవుల్లో అసలు తీరదు. వారికి మంగళ, బుధవారాల్లో తరగతి పెట్టి, ఒక్కో రోజు ఒక్కో పని చొప్పున, ధర చెప్పడం, దారి చెప్పడం, గది చూపడం అన్నట్లు నేర్పితే, నడుమ రెండు వారాలు రాకపోయినా నష్టం ఉండదు.

కార్యకర్త మారితే అభ్యాసకులు మానతారు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం విద్యార్థులు ఉత్సాహంగా వస్తారు, అయితే పరీక్షల నెలలో వారుండరు, అది వారి తప్పు కాదు. అందుకే మొదటి రోజు నుండి ప్రతి కేంద్రానికీ ఇద్దరు ఉండాలి, అందులో ఒకరు ఆ ఊరి కోడలో, డ్వాక్రా సంఘం లెక్కలు రాసే ఆమెనో అయి ఉండాలి.

పరీక్ష

ఉల్లాస్ కింద జరిగే ప్రాథమిక అక్షరాస్యతా, సంఖ్యాజ్ఞాన పరీక్షకు మొత్తం 150 మార్కులు, చదవడం, రాయడం, లెక్కలు ఒక్కోదానికి 50. ప్రతి విభాగంలో 33 శాతం వస్తే చాలు. పరీక్ష అన్న మాట వినగానే బాగా చదివేవారు కూడా ఆ రోజు పొలానికి వెళ్ళిపోవడం సాధారణం. దీనికి మందు ముందుగానే వేయాలి: నెల ముందు నుండి వారానికొకసారి అదే కాగితం, అదే వరుస, అదే గదిలో కూర్చోబెట్టి, పరీక్ష అనకుండా రాయించాలి. పరీక్ష రోజు ఎవరిని ఎవరు తోడు తీసుకురావాలో జంటలు కట్టి చెప్పాలి.

రాయనివారి పేర్లను విడిగా ఒక కాగితం మీదికి ఎత్తి, తరువాతి విడతలో మొదటి వరుసలో రాసుకొని, చెనిక్కాయల పని ముగిసిన వారంలో ఒక సాయంత్రం వారిని మాత్రమే పిలిచి, మందుల చీటీలతోనో, బస్సు బోర్డులతోనో ముప్పావు గంట కూర్చోబెట్టండి. పరీక్ష గట్టెక్కినవారిలో ఇద్దరు ముగ్గురిని ఆ సాయంత్రానికి తోడుగా పిలవవచ్చు, వచ్చిన చదువు మరిచిపోకుండా వారికీ అదొక వాడక అవుతుంది.